తెర మీది సత్యము : ఆనంద్ పట్వర్ధన్ చిత్రయాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో పుస్తకమును గూర్చి గాక చలనచిత్రములు తీయు ఒక వ్యక్తిని గూర్చి ప్రసంగమేల అని కొందరికి తోచవచ్చును. ఆ సందేహమునకు సమాధానము ఆదికావ్యమునందే కలదు. తమసానదీ తీరమున బోయవాని బాణమునకు క్రౌంచపక్షి నేలకూలుట వాల్మీకి కన్నులార చూచెను. జంటపక్షి ఆక్రందనము చెవులార వినెను. చూచియు చూడనట్లు దాటిపోవుటకు ఆయనకు మనసొప్పలేదు. ఆ శోకమే శ్లోకమైనది. కావ్యము పుట్టుటకు ముందు ఒక చూపు కలదు. ఆ చూపునకు వెనుక ఒక హృదయము కలదు. తాటియాకు మీద వ్రాసినను, కాగితము మీద అచ్చొత్తించినను, తెరమీద ఆడించినను కథకుని ధర్మము ఒక్కటే. కావున పుస్తకము లుండు ఇంటిలో ఇట్టి చిత్రకారుని కథకును చోటు కలదు.

డేరా సినిమాలు చూచిన పెద్దలకు ఒక విషయము జ్ఞాపక ముండును. అసలు కథ మొదలగుటకు ముందు ఆనకట్టల నిర్మాణము, వరద సహాయము, నాయకుల పర్యటనలు చూపు చిన్న చిత్రమొకటి వచ్చుచుండెడిది. ప్రేక్షకులు కూర్చుండు చోటు వెదకుకొనుచు, వేరుసెనగకాయలు ఒలుచుకొనుచు దానిని చూచెడివారు. అవి కేంద్ర ప్రభుత్వము 1948లో స్థాపించిన ఫిలిమ్స్ డివిజన్ వారు తీసినవి. వేషధారులు లేక, కల్పించిన కథ లేక, నిజమైన మనుష్యులను నిజమైన స్థలములలో చూపు చిత్రములకు డాక్యుమెంటరీలని పేరు. 1926లో జాన్ గ్రియర్సన్ అను స్కాట్లండు దేశీయుడు ఒక చిత్రమును సమీక్షించుచు ఆ మాటను వాడిన పిమ్మట అది లోకమున వ్యాపించెను.

ఫిలిమ్స్ డివిజన్ చిత్రములలో మంచివి లేకపోలేదు. కాని ప్రభుత్వ ధనముతో తీసిన చిత్రము ప్రభుత్వమునే ప్రశ్నించుట అరుదు. వ్యాపారుల ధనముతో తీసిన చిత్రము వ్యాపారమునకు నొప్పి కలిగించుట అంతకన్న అరుదు. బమ్మెర పోతన తన భాగవతమును రాజున కంకిత మీయక నాగలి పట్టి బ్రతికెనని లోక ప్రతీతి. కృతిభర్తకు వెరచి వ్రాయవలసిన అవసరము లేనివాడు తన మనసులోని మాటనే వ్రాయగలడు. అట్లే ఎవరి కొలువును చేయక, ఎవరికిని అంకితమీయక, తాను నమ్మినదానిని చిత్రించువానిని స్వతంత్ర చిత్రకారుడందురు. మన దేశములో అట్టివారిలో అగ్రగణ్యులైన వారొకరు ఆనంద్ పట్వర్ధన్.

వీరు 1950 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలో జన్మించిరి. స్వాతంత్ర్య సమరముతో పెనవేసికొన్న కుటుంబము వారిది. పెదతండ్రులైన రావు పట్వర్ధన్, అచ్యుత పట్వర్ధన్‌లు ఇరువురును దేశము కొరకు పాటుపడినవారే. అందు అచ్యుత పట్వర్ధన్ 1942 క్విట్ ఇండియా ఉద్యమకాలమున అజ్ఞాతముగా నుండి పోరాటము నడపిన సోషలిస్టు నాయకుడు. తల్లి నిర్మల మట్టితో కళాపాత్రలు చేయు శిల్పి. ఒక వంక దేశసేవ, మరియొక వంక మట్టిని రూపముగా మలచు ఓర్పు, ఈ రెండును ఆ ఇంటిలోనే ఉండెను.

పట్వర్ధన్ 1970లో బొంబాయి విశ్వవిద్యాలయమున ఆంగ్ల సాహిత్యములో పట్టభద్రులై, విద్యార్థి వేతనముతో అమెరికాకు పోయి, బ్రాండైస్ విశ్వవిద్యాలయమున 1972లో సమాజశాస్త్ర పట్టమును పొందిరి. అవి వియత్నాము యుద్ధము సాగుచున్న దినములు. అచ్చటి విద్యార్థులు తమ దేశము చేయుచున్న యుద్ధమును తామే నిరసించుచుండిరి. స్వదేశమును ప్రేమించువాడు స్వదేశపు తప్పును ఎత్తి చూపవచ్చునను పాఠమును పట్వర్ధన్ పుస్తకములలో కంటె ఆ వీథులలో ఎక్కువగా నేర్చిరని చెప్పవచ్చును. చదువు ముగిసిన పిమ్మట కాలిఫోర్నియాలో సీజర్ చావెజ్ నాయకత్వమున నడచు వ్యవసాయ కూలీల సంఘమున కొంతకాలము స్వచ్ఛందముగా పనిచేసిరి. ఆపై స్వదేశమునకు మరలి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి అను గ్రామీణ విద్యా సంస్థలో చేరిరి.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగినది. సినిమాలు తీయవలెనను కోరికతో ఆయన ఇల్లు విడువలేదు. కూలీలు, విద్యార్థులు, పల్లెవాసులు ముందు వచ్చిరి. కెమెరా వారి వెనుక వచ్చెను. కోతకాలము వచ్చినప్పుడు కొడవలి వెదకుకొను రైతువలె ఆయన పని పడినప్పుడు కెమెరాను వెదకుకొనిరి.

ఆ పని 1974లో బీహారునందు పడెను. అవినీతికిని ధరల పెరుగుదలకును వ్యతిరేకముగా విద్యార్థులు ప్రారంభించిన ఉద్యమమునకు లోకనాయక జయప్రకాశ నారాయణ్ నాయకత్వము వహించిరి. నవంబరు 4వ తేదీన పాట్నాలో మహాప్రదర్శన జరుగనుండెను. దానిని చిత్రించుటకు పట్వర్ధన్ వద్ద కెమెరాయే లేదు. ఇండ్లలో పెండ్లిండ్లు, పుట్టినరోజులు తీసికొనుటకు వాడు సూపర్ ఎయిట్ అను చిన్న కెమెరాను ఎరువు తెచ్చుకొని, ఒక మిత్రుని తోడు చేసికొని వెడలిరి. ఆ దినమున డెబ్బదిరెండేండ్ల జయప్రకాశ నారాయణ్ మీదనే లాఠీ దెబ్బలు పడెను. అంత చిన్న ఫిల్మును పెద్ద సభలలో చూపుటకు వీలు కాదు. కావున దానిని తెరమీద వేసి, ఆ తెరమీది బొమ్మను 16 మిల్లీమీటర్ల కెమెరాతో మరల చిత్రించిరి. కాలము చెల్లిన ఫిల్మును గూడ వాడుకొనిరి. బొమ్మ మసకబారినను అందలి మాట మసకబారలేదు. ఆ చిత్రమునకు ‘క్రాంతి కీ తరంగేఁ’ అని పేరు.

చిత్రము పూర్తియగునప్పటికి కాలము తిరుగబడెను. 1975 జూన్ 25వ తేదీ రాత్రి దేశమున అత్యవసర పరిస్థితి విధింపబడెను. జయప్రకాశ నారాయణ్ మొదలగు వేలమంది చెరసాలల పాలైరి. పత్రికల మీద సెన్సారు వచ్చెను. ఆ చిత్రము ఎవరి ఇంట దొరికినను ఆ ఇంటివారికి ముప్పు. అప్పుడు పట్వర్ధన్ ఫిల్మును ముక్కలు ముక్కలుగా కోసి, విదేశములకు పోవువారి చేతికిచ్చి రహస్యముగా పంపిరి. తరువాత కెనడా దేశమున మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు విద్యార్థిగా పోయి, ఆ ముక్కలను ఒక్కటొక్కటిగా అతికి, ఇండియాలో జరుగుచున్నదానిని అచ్చటివారికి చూపిరి.

1977 మార్చిలో అత్యవసర పరిస్థితి తొలగి, ఎన్నికలలో జనతా పార్టీ గెలుపొంది, నిన్నటి ఖైదీలు నేటి మంత్రులైరి. పట్వర్ధన్ పాల్గొన్న ఉద్యమము నుండియే ఆ ప్రభుత్వము పుట్టినదని చెప్పవచ్చును. ఇతరులైనచో పదవినో బిరుదునో పొంది సుఖముగా నుండెడివారు. పట్వర్ధన్ 1978లో ‘జమీర్ కే బందీ’ అను చిత్రమును తీసిరి. మనస్సాక్షి ఖైదీలని దాని యర్థము. అత్యవసర పరిస్థితికి ముందే విచారణ లేక చెరలో మగ్గినవారు కలరనియు, అది తొలగిన పిమ్మటను విడుదల కానివారు కలరనియు ఆ చిత్రము చాటెను. చెరసాల తాళపుచెవి చేతులు మారినంత మాత్రమున లోపలివానికి స్వేచ్ఛ రాదు గదా!

భారతమునందలి సంజయుడు ఇచ్చట స్ఫురించును. ధృతరాష్ట్రుని కొలువులో ఉండియు, ఆయన ఉప్పు తినియు, కౌరవుల ఓటమిని ఓటమి యనియే చెప్పెను. వినువానికి నచ్చునట్లు యుద్ధమును మార్చి చెప్పలేదు. ఎదుటి పక్షపు తప్పును చెప్పుట సులభము. తనవారి తప్పును తనవారికే చెప్పుట దుష్కరము. పట్వర్ధన్ సామాజిక దృష్టికి తొలి పరీక్ష అదియే. ఆ పరీక్షలో ఆయన నెగ్గిరి.

కెనడాలో మరల వ్యవసాయ కూలీలే ఆయనకు తారసపడిరి. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమున పండ్లతోటలలో, కూరగాయల పొలములలో పనిచేయువారిలో మన పంజాబు నుండి పోయినవారు, చైనా నుండి వచ్చినవారు అధికము. వారు 1980లో తమకొక సంఘమును నిర్మించుకొనిరి. జిమ్ మన్రోతో కలిసి పట్వర్ధన్ ఆ పోరాటమును ‘ఎ టైమ్ టు రైజ్’ అను చిత్రముగా 1981లో రూపొందించిరి. సముద్రములు దాటినను కూలివాని చెమటకు ధర కట్టు పద్ధతి ఒక్కటేయని ఆ చిత్రము చూచినవారికి తెలియును.

తరువాత ఆయన స్వస్థలమైన బొంబాయికి మరలిరి. 1981 వర్షాకాలమున ఆ నగరపు బాటల ప్రక్కన నివసించు వేలమందిని గుడిసెలు కూల్చి వెడలగొట్టిరి. వారి వ్యాజ్యము సుప్రీంకోర్టుకు పోయెను. 1985 జూలైలో తీర్పు వచ్చెను. జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నదని ఆ తీర్పు ప్రకటించెను. అయినను నోటీసు ఇచ్చి గుడిసెలను తొలగించు అధికారము కార్పొరేషనునకు కలదనియు చెప్పెను. ఆ కాలపు గుడిసెవాసుల జీవితమే 1985లో వచ్చిన ‘హమారా షహర్’ అను చిత్రము. ఆకాశము నంటు మేడలకు ఇటుకలు మోసినవారికి ఆ మేడల నీడలో నిలువ నీడ లేకపోయెను. మేడలలోని వారు నగరసౌందర్యమును గూర్చి సావధానముగా ముచ్చటింతురు; క్రింద వాన నీటిలో తల్లులు వంటపాత్రలు ఏరుకొందురు. ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నిలుపుట తప్ప పట్వర్ధన్ వేరుగా వ్యాఖ్యానము చేయలేదు.

ఆ చిత్రములో ఒక ఘట్టము కలదు. గుడిసె కోల్పోయిన ఒక స్త్రీ కెమెరా వంకకు తిరిగి, చిత్రము తీయువారినే నిలదీయును. పేదల బొమ్మలు తీసికొనిపోయి పేరు తెచ్చుకొందురు గాని దానివలన మా కొరుగున దేమి యని ఆమె ప్రశ్న సారాంశము. ఆమె కోపము న్యాయమైనది. ఆ ముక్కను కోసి పారవేసిన యెడల ఎవరికిని తెలిసెడిది కాదు; కత్తెర పట్వర్ధన్ చేతిలోనే యున్నది. కాని ఆయన దానిని కోయలేదు. తనను తిట్టిన మాటలను తన చిత్రములోనే నిలిపి లోకమునకు చూపిరి.

ఈ ప్రసంగమునకు ఆ స్త్రీ ప్రశ్నయే కేంద్రము. పేదలను గూర్చి చిత్రము తీసినంత మాత్రమున అది సామాజిక చిత్రము కాజాలదు. దుఃఖమును చూపి కన్నీరు తెప్పించుట నాటకాల కంపెనీలకును తెలిసిన విద్యయే. ఎవరి కథను తీసికొంటిమో వారికి ఋణపడితిమను ఎరుక కలవాడే సామాజిక కథకుడు. ఇంటింటి ఖాతాలు వ్రాయు ఈ ఊరివారికి వేరుగా చెప్పనక్కరలేదు. తీసికొన్నది జమ వేసికొన్న పిమ్మట చెల్లు వేయువరకు ఆ పద్దు మూయరాదు. పట్వర్ధన్ తరువాతి నలుబది ఏండ్ల కృషి ఆ పద్దును చెల్లించుటకు చేసిన ప్రయత్నముగా కనిపించును. ఆ చెల్లింపు మూడు విధముల జరిగెను.

మొదటిది, చిత్రమును ప్రజల యొద్దకు తిరిగి కొనిపోవుట. ఈ చిత్రములకు సినిమాహాళ్లు దొరకవు. కావున ప్రొజెక్టరును, తెరను మోసికొని గుడిసెల వాడలకు, కార్మికుల బస్తీలకు, కళాశాలలకు, పల్లెలకు ఆయన తిరిగిరి. చిత్రము ముగియగానే దీపములు వెలిగించి, చూచినవారితో చర్చ జరుపుట ఆయన అలవాటు. తెర ముందు కూర్చున్నవారికి మాటాడు హక్కు కలదని ఆయన నమ్మకము. ఈ విషయములో మన ఆంధ్ర గ్రంథాలయోద్యమము ఆయనకు పెద్దన్న వంటిది. పాఠకుడు పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే పాఠకుని కడకు పోవలెనని డెల్టా కాలువలలో పడవ మీద గ్రంథాలయము నడపిన పెద్దలు ఈ నేలవారే.

రెండవది, చూచు హక్కు కొరకు న్యాయస్థానముల మెట్లెక్కుట. దూరదర్శన్ ప్రజల ధనముతో నడచు సంస్థ. ప్రజల స్థితిని చూపు చిత్రములకు అందు చోటుండవలెనని పట్వర్ధన్ వాదము. దూరదర్శన్ కాదనినప్పుడెల్ల ఆయన కోర్టుకు పోయిరి. పురుషాహంకారమునకును మతకలహములకును గల సంబంధమును విచారించిన ‘పితా, పుత్ర్ ఔర్ ధర్మయుద్ధ్’ అను 1995 నాటి చిత్రము విషయమున తుది తీర్పు సుప్రీంకోర్టు నుండి 2006 ఆగష్టు 25వ తేదీన వచ్చెను. చిత్రమును ప్రసారము చేయవలసినదేయని కోర్టు చెప్పెను. పదునొకండేండ్లు! ఒక మామిడి మొక్క నాటిన యెడల ఆ కాలములో ఎన్నో కాపులు కాచెడిది. 1998లో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగిన తరువాత ఇండియా, పాకిస్తాను, జపాను, అమెరికాలు తిరిగి తీసిన ‘జంగ్ ఔర్ అమన్’ 2002లో వెలువడెను. సెన్సారు బోర్డువారు పలు కత్తిరింపులు కోరిరి. ఒక్క ముక్కయు కోయనని ఆయన పట్టుబట్టిరి. 2003లో బొంబాయి హైకోర్టు కత్తిరింపులు లేకయే చిత్రమునకు అనుమతి నిప్పించెను. లాఠీకి ఎదురుగా చిత్రకారుడు పట్టినది రాజ్యాంగ పుస్తకమే. ఇది గ్రంథాలయమువారు విశేషముగా సంతోషింపవలసిన సంగతి.

ఈ కోవలో ‘రామ్ కే నామ్’ అను చిత్రమును గూర్చి చెప్పక తప్పదు. 1990లో సోమనాథము నుండి అయోధ్యకు రథయాత్ర సాగిన కాలమున తీసిన ఈ చిత్రము 1992లో, బాబ్రీ మసీదు కూలుటకు ముందే, బయటకు వచ్చెను. జాతీయ బహుమానమును, ఫిల్మ్‌ఫేర్ బహుమానమును పొందినను, అది దూరదర్శన్‌లో కనబడుటకు హైకోర్టు ఆజ్ఞ కావలసివచ్చెను. అందు అయోధ్యలోని రామజన్మభూమి ఆలయమునకు న్యాయస్థానము నియమించిన అర్చకుడు లాల్‌దాస్ కలరు. రాముని పూజించువాడే, రాముని పేరిట జరుగుచున్నది అధికారము కొరకును ధనము కొరకునని నిర్భయముగా పలుకును. ఆయన కంఠములో ద్వేషము లేదు, నెమ్మది కలదు. 1993లో ఆ అర్చకుడు కాల్చి చంపబడెను. నేడు ఆ నెమ్మదియైన కంఠము ఆ చిత్రములో మిగిలియున్నది. భక్తి గలవాడు భక్తి పేరిట జరుగు అన్యాయమును సహింపనక్కరలేదని ఆ అర్చకుని మాటలు చాటుచున్నవి.

మూడవది, అన్నిటికంటె కఠినమైనది, ఒకసారి చిత్రించిన మనుష్యుని కడకు మరల పోవుట. ‘హమారా షహర్’లో విలాస్ ఘోగ్రే అను గాయకుడు కలడు. దళితుడు, కవి, ములుండ్‌లోని ఒక గుడిసెలో నివసించువాడు. ఏక్‌తారా వంటి వాద్యమునకు పాట జోడించి కూలివాని కథను పాడిన ఆ కంఠమును విన్నవారు మరువలేరు. చిత్రము ముగిసెను, ఏండ్లు గడచెను. 1997 జూలై 11వ తేదీన బొంబాయిలోని ఘాట్‌కోపర్‌లో రమాబాయి నగర్ అను దళితవాడలో అంబేద్కర్ విగ్రహమునకు ఎవరో చెప్పుల దండ వేసిరి. నిరసన తెలుప వచ్చిన జనము మీద పోలీసులు కాల్పులు జరుపగా పదిమంది మరణించిరి. ఆ వార్తకు గుండె పగిలిన విలాస్ ఘోగ్రే కొద్ది దినములలోనే, తలకు నీలివస్త్రము చుట్టుకొని, తన గుడిసెలో తన ప్రాణము తానే తీసికొనెను.

తాను పాట తీసికొన్న కవి ఇట్లేల మరణించెనని పట్వర్ధన్ వెదకసాగిరి. ఆ వెదకులాట పదునాలుగేండ్లు సాగెను. రమాబాయి నగర్ తల్లులను, కోర్టులో నడచిన వ్యాజ్యమును, వాడవాడల పాటగాండ్రను, చెత్త ఎత్తు కార్మికులను, అంబేద్కరు జయంతికి తరలివచ్చు లక్షలమందిని చిత్రించుచు పోయిరి. కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన పోలీసు అధికారికి 2009లో యావజ్జీవ శిక్ష పడుటయు, తరువాత ఆయన బెయిలు మీద బయటకు వచ్చుటయు ఆ కాలములోనే జరిగెను. తుదకు 2011లో మూడు గంటలకు మించిన ‘జై భీమ్ కామ్రేడ్’ పూర్తియైనది. దానిని ముంబాయిలో బైకుల్లా యందలి కార్మికుల చాల్ ముంగిట, ఆరుబయట, జనుల మధ్య ప్రదర్శించిరి. ఎవరి కథయో వారి వాకిటనే దానిని విప్పి చూపుట! వాల్మీకి చెప్పిన రాముని కథను కుశలవులు రాముని ఎదుటనే పాడిరి కదా. కథ చెందవలసినవారికి చేరినప్పుడే కథకుని శ్రమ సార్థకమగును.

ఆ యాత్ర తెలుగునేలకును వచ్చినది. 2018లో వెలువడిన ‘వివేక్’ అను నాలుగు గంటల చిత్రము, మూఢవిశ్వాసములను ఎదిరించి హత్యకు గురియైన నరేంద్ర దాభోల్కర్, గోవింద పన్సారే మొదలగువారి కథతో మొదలగును. అందు గుంటూరు వాడైన రోహిత్ వేముల కథయు కలదు. హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థియైన ఆతడు 2016 జనవరి 17వ తేదీన ప్రాణము తీసికొనుట దేశము నంతను కదల్చెను. కుట్టుపని చేసి బిడ్డలను చదివించిన ఆతని తల్లి ఆ చిత్రములో కనిపించును. ఘోగ్రే గుడిసెకును ఆ విద్యార్థి వసతి గదికిని మధ్య పందొమ్మిదేండ్ల దూరము. దుఃఖము మాత్రము ఒక్కటే. ఆ చిత్రమునకు 2018లో ఆమ్‌స్టర్‌డామ్ నగరపు అంతర్జాతీయ డాక్యుమెంటరీ ఉత్సవమున ఉత్తమ చిత్ర బహుమతి లభించెను.

డెబ్బది ఏండ్లు దాటిన పిమ్మట ఆయన కెమెరా తన ఇంటి వంకకే తిరిగినది. వృద్ధులైన తల్లిదండ్రులను ఏండ్ల తరబడి తీసిన బొమ్మలను, పెదతండ్రుల స్వాతంత్ర్య పోరాట స్మృతులను కూర్చి 2023లో ‘వసుధైవ కుటుంబకమ్’ అను చిత్రము చేసిరి. ఉపనిషత్తునందలి ఆ మాట సభలలో తోరణముల మీద వ్రాయబడు చుండును. లోకమంతయు కుటుంబమైనచో, గుడిసె కూలిన తల్లియు, కాల్పులలో కొడుకును పోగొట్టుకొన్న తల్లియు ఆ కుటుంబములోనివారే యని ఒప్పుకొనవలసియుండును. అట్లు ఒప్పుకొనుట తోరణము కట్టినంత సులభము కాదు.

పట్వర్ధన్ మీద విమర్శలు లేకపోలేదు. ఆయన ఒక పక్షము వహించుననియు, ప్రతిపక్షము వారి మాటలను తన వాదమునకు అనుకూలముగా కూర్చుననియు చెప్పువారు కలరు. ఆయన అభిప్రాయము లన్నిటిని అంగీకరింపవలసిన పని ఎవరికిని లేదు. తాను ఏ పక్షమునను లేనని ఆయనయు బొంకలేదు. అణగినవారి పక్షమున ఉన్నానని బాహాటముగానే చెప్పుకొనుచున్నారు. నిష్పక్షపాతి నని చెప్పి పక్షము వహించుట కంటె ఇది మేలు. పైగా ఎదుటివాడు ముఖాముఖిగా పలికిన మాటలు ఆ చిత్రములలో వినబడును. వినినవారు తమ తీర్పు తాము చెప్పుకొనవచ్చును. విభేదించుటకైనను ముందు చూడవలెను కదా! చదువని పుస్తకమును ఖండించుట గ్రంథాలయ ధర్మము కానట్లే, చూడని చిత్రమును ఖండించుటయు ధర్మము కాదు.

ఇట్టి బాటలో నడచినది పట్వర్ధన్ ఒక్కరే కారు. హైదరాబాదులో జన్మించిన దీపా ధన్‌రాజ్ మరికొందరు స్త్రీలతో కలిసి యుగాంతర్ అను చిత్రబృందమును ఏర్పరచిరి. ఇండ్లలో పనిచేయు స్త్రీలను, పొగాకు కర్మాగారములలోని కూలి స్త్రీలను వారు చిత్రించిరి. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనతో కలిసి 1983లో ‘ఇది కథ మాత్రమేనా’ అను తెలుగు చిత్రమును చేసిరి. నాలుగు గోడల మధ్య భార్య పడు హింసయే దాని విషయము. నటులున్నను, ఎందరో స్త్రీలు తమలో తాము పంచుకొన్న అనుభవముల నుండి అది రూపొందినది. ఆ పేరే ఒక ప్రశ్న. బొంబాయి స్త్రీ కెమెరాను అడిగిన ప్రశ్నకు ఇది తోబుట్టువు. ఆమె చిత్రకారుని అడిగెను. ఈ పేరు చూచువారిని అడుగుచున్నది. తెలుగునాట కన్యాశుల్కము నాటకము ద్వారా గురజాడ అప్పారావుగారు అడిగినదియు ఇట్టి ప్రశ్నయే. పసిబిడ్డలను ముసలివారికి అమ్ముటను చూచి నవ్వినవారు, నవ్వు ముగిసిన పిమ్మట తమ ఇంటిని తాము చూచుకొనవలసివచ్చెను.

అందుచే ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయము వారికి ఒక విన్నపము. ఏడాదికి కొన్ని పర్యాయములైనను, ఇచ్చటి చావడిలో గోడకు తెల్లని పంచె కట్టియైనను, ఇట్టి డాక్యుమెంటరీ చిత్రములను గ్రామస్థులకు చూపవలెను. పూర్వము వలె పెద్ద యంత్రములు నేడు అవసరము లేదు. చిత్రము ముగియగానే జనమును పంపివేయక, ఒక గంటసేపు చర్చకు కేటాయింపవలెను. ఆ చర్చలో మొదట స్త్రీలకును, కూలిపనికి పోవువారికిని, వాడ చివర నుండువారికిని మాటాడు అవకాశ మీయవలెను. వారు అడుగు ప్రశ్నలను ఒక పుస్తకములో వ్రాసి భద్రపరచవలెను. తరువాతి చిత్రమో, తరువాత కొనవలసిన పుస్తకమో ఆ ప్రశ్నల నుండియే నిర్ణయము కావలెను.

యువకులకు మరియొక మాట. నేడు చరవాణి లేని చేయి లేదు. అందు కెమెరా లేని చరవాణి లేదు. 1974లో పట్వర్ధన్ ఎరువు తెచ్చుకొన్న కెమెరా కంటె అది ఎన్నో రెట్లు మేలైనది. ఊరి చెరువు పూడిపోవుటను, బడి కప్పు కారుటను, కూలిరేటు విషయమున జరుగు అన్యాయమును చిత్రించుటకు ధనము అక్కరలేదు. అయినను చిత్రించుటకు ముందు ఆ మనుష్యుని అనుమతి అడుగవలెను. చిత్రించిన పిమ్మట అతనికే ముందు చూపవలెను. ఏడాది గడచిన తరువాత అతని గుమ్మము తొక్కి, ఎట్లున్నావని పలుకరింపవలెను. ఈ మూడును చేయలేనివాడు ఆ బొమ్మను తీయకుండుటయే మేలు. దానివలన మా కొరుగున దేమి యని రేపు ఎవరైన అడిగినచో, అతనికి తలయెత్తి బదులు చెప్పగలిగియుండవలెను.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఈ ఊరికి చదువు నేర్పినది. ఇకమీదట చూచుటయు, చూచినదానికి బాధ్యత వహించుటయు నేర్పు గాక. రజతోత్సవము స్వర్ణోత్సవమై, ఆ స్వర్ణోత్సవ సంచికలో ఈ ఊరి బిడ్డలు తీసిన చిత్రములను గూర్చిన ప్రసంగము అచ్చగు గాక.

స్వస్తి.